ఆట, వెల, పణం: వీడియో గేమ్‌లలో దూకుడు వ్యాపార పద్ధతులు – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఒకసారి వెల చెల్లించి ఇంటికి తెచ్చుకొనే వస్తువుగా ఉండిన వీడియో గేమ్, గడచిన రెండు దశాబ్దాలలో ఆడుతున్నంతకాలం డబ్బు రాబట్టే సేవగా మారింది. ఈ మార్పులో భాగంగా వచ్చిన కృత్రిమ నాణేలు, కృత్రిమ నిరీక్షణ, లూట్ బాక్స్‌లు మొదలైన పద్ధతుల పనితీరును ఈ వ్యాసం వివరిస్తుంది. లూట్ బాక్స్‌ను జూదంగా పరిగణించాలా వద్దా అన్న చర్చలో కొన్ని దేశాల చట్టాలు ఆటగాడికి దక్కే బహుమతి విలువను ప్రమాణంగా తీసుకొన్నాయి. తెలుగువారి నిత్యవ్యవహారంలోని ‘డబ్బులు పెట్టి ఆడటం’ అన్న మాట మాత్రం ఆటగాడు ఒడ్డిన పణాన్ని ప్రమాణంగా తీసుకొంటుంది. వినియోగదారుల రక్షణకు, ముఖ్యంగా బాలల రక్షణకు ఈ రెండవ ప్రమాణమే తగినదని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: వీడియో గేమ్, లూట్ బాక్స్, గాచా, పణం, జూదం, వినియోగదారుల రక్షణ, పదజాలం.

1. ఉపోద్ఘాతం:

తెలుగులో ‘ఆడు’ అన్న క్రియ ఒక్కటే. చదరంగమూ ఆడతారు, జూదమూ ఆడతారు. పేకాట పేరులోనే ఆట ఉంది. క్రియ ఒక్కటే అయినా వినోదానికీ వ్యసనానికీ మధ్య ఉన్న గీతను తెలుగు వ్యవహర్తలు ఏనాడూ చెరిపివేయలేదు. ఆ గీతను వారు ‘డబ్బులు పెట్టి ఆడుతున్నారా, ఊరికే ఆడుతున్నారా’ అన్న ప్రశ్నతో గుర్తిస్తారు. నలుగురు కూర్చొని పేక కలుపుతున్నప్పుడు పెద్దలు మొదట అడిగేది ఇదే. గెలిస్తే ఏమి వస్తుందన్నది ఆ తరువాతి మాట.

చేతిలోని ఫోనులోకి ఆట వచ్చిన తరువాత ఈ ప్రశ్నకు సమాధానం చెప్పడం కష్టమైంది. ఉచితంగా దొరికే ఆటలో డబ్బు ఎక్కడ పెడుతున్నారో ఆడేవారికే స్పష్టంగా తెలియదు. పెట్టింది వెలా, పణమా అన్నది ఇంకా అస్పష్టం. వెల అంటే ఫలానా వస్తువుకు బదులుగా ఇచ్చేది. పణం అంటే ఫలితం తెలియకుండా ఒడ్డేది. నేటి వీడియో గేమ్ వ్యాపారంలో వివాదాస్పదమైన భాగమంతా ఈ రెండింటి మధ్య హద్దు చెరిగిపోయిన చోటనే ఉంది.

2. వస్తువు నుంచి సేవకు:

ఆర్కేడ్ యంత్రాల కాలంలో నాణెం వేస్తే ఒక ఆట దక్కేది. ఆట ముగిస్తే మరొక నాణెం వేయవలసి వచ్చేది. ఖర్చు ప్రతిసారీ చేతికి తెలిసేది. ఇళ్లలోకి గేమింగ్ యంత్రాలు వచ్చాక ఆట పుస్తకంలాగా, సినిమా డిస్కులాగా ఒక వస్తువైంది. ఒకసారి కొంటే దానిలోని సమస్తం కొన్నవారిదే.

ఈ ఏర్పాటులో వచ్చిన మార్పుకు గుర్తుగా తరచు ప్రస్తావనకు వచ్చేది 2006 ఏప్రిల్‌లో జరిగిన ఒక చిన్న అమ్మకం. ‘ది ఎల్డర్ స్క్రోల్స్ 4: ఆబ్లివియన్’ అన్న ఆటలో గుర్రానికి తొడిగే కవచాన్ని బెథెస్డా సంస్థ 2.50 డాలర్లకు విడిగా విక్రయించింది. డబ్బు పెట్టి కొన్న ఆటలో మళ్లీ డబ్బు అడగడం ఏమిటని అప్పట్లో ఆటగాళ్లు ఎగతాళి చేశారు. అయితే ఆ కవచానికి ఒక నిర్దిష్టమైన ధర ఉంది, కొన్నవారికి ఏమి వస్తుందో ముందే తెలుసు. తరువాత వచ్చిన పద్ధతులతో పోలిస్తే అది నిజాయితీ గల బేరం.

2009లో ఆపిల్ సంస్థ ఉచిత యాప్‌లలోనూ లోపలి కొనుగోళ్లను అనుమతించింది. దానితో ఆటను ఉచితంగా ఇచ్చి, ఆడేటప్పుడు సంపాదించే మార్గం తెరుచుకొంది. 2012లో వచ్చిన ‘క్యాండీ క్రష్ సాగా’లో ఆటగాడికి ఐదు ప్రాణాలు ఉంటాయి. అవి అయిపోతే ఒక్కొక్కటి తిరిగి రావడానికి అరగంట ఆగాలి, లేదా డబ్బు చెల్లించాలి. అదే ఏడాది వచ్చిన ‘క్లాష్ ఆఫ్ క్లాన్స్’లో కట్టడాలు పూర్తికావడానికి గంటలు, రోజులు పడుతుంది. రత్నాలు ఖర్చుచేస్తే అవి వెంటనే పూర్తవుతాయి. ఇక్కడ అమ్ముతున్నది వినోదాన్ని కాదు, నిరీక్షణ నుంచి విముక్తిని. ఆ నిరీక్షణను సృష్టించినది కూడా అమ్మేవారే. ఆటలోని అసౌకర్యమే సరుకుగా మారడం ఈ దశలోని ముఖ్యమైన పరిణామం.

3. ధరను మరుగుపరిచే పద్ధతులు:

దూకుడు వ్యాపారానికి మొదటి మెట్టు ధరను కంటికి కనబడకుండా చేయడం. ఇందుకు ప్రధాన సాధనం ఆటలో మాత్రమే చెల్లే కృత్రిమ నాణెం. రూపాయలతో రత్నాలు కొనాలి, రత్నాలతో వస్తువు కొనాలి. కొన్ని ఆటలలో రత్నాలను మరొక రకం నాణెంగా మార్చి, దానితో కొనాలి. ఉదాహరణకు ఒక దుస్తు ఖరీదు 700 రత్నాలనుకొందాం. రత్నాలు మాత్రం 500, 1,200 కట్టలుగానే అమ్ముతారు. ఆటగాడు 1,200 కొనక తప్పదు. కొన్న తరువాత 500 మిగులుతాయి. అవి మరొక దుస్తుకు చాలవు, అలాగని తిరిగి రూపాయలుగానూ మారవు. చిల్లర ఇవ్వని దుకాణంలో మిగిలిన ఆ సొమ్మే మరుసటి కొనుగోలుకు ప్రేరణ అవుతుంది.

రెండవ సాధనం తొందరపెట్టడం. కొన్ని గంటలలో ముగిసిపోయే తగ్గింపు, సీజను ముగిసేలోగా పూర్తి చేయవలసిన బ్యాటిల్ పాస్ ఈ కోవలోనివి. బ్యాటిల్ పాస్‌లో ముందు డబ్బు చెల్లించి, ఆపైన గంటల తరబడి ఆడి బహుమతులను ‘సంపాదించుకోవాలి’. ఆడకపోతే చెల్లించిన డబ్బు వృథా అవుతుందన్న బెంగ ఆటను విధిగా మారుస్తుంది.

మూడవది తెరమీద మీటల అమరిక. ‘ఫోర్ట్‌నైట్’ ఆట నిర్మాత ఎపిక్ గేమ్స్ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చేసిన ఆరోపణలు ఈ విషయంలో గమనింపదగినవి. నిద్రాస్థితిలో ఉన్న ఆటను మేల్కొలిపేటప్పుడు, తెర లోడ్ అవుతున్నప్పుడు, వస్తువును ఊరికే చూద్దామనుకొన్నప్పుడు కూడా ఒక్క మీట నొక్కుతో కొనుగోలు జరిగిపోయేదని కమిషన్ పేర్కొంది. తల్లిదండ్రుల అనుమతి లేకుండానే పిల్లలు కొనగలిగారని కూడా ఆరోపించింది. 2022 డిసెంబరులో ఆ సంస్థ 52 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకొంది. అందులో 24.5 కోట్ల డాలర్లు వినియోగదారులకు తిరిగి చెల్లించడానికి, 27.5 కోట్ల డాలర్లు బాలల గోప్యతా నిబంధనల ఉల్లంఘనకు సంబంధించినవి.

4. లూట్ బాక్స్: వెల పణంగా మారే చోటు:

పై పద్ధతులలో ధర మరుగున పడినా వస్తువు ఏదో తెలుసు. లూట్ బాక్స్‌లో వస్తువే తెలియదు. డబ్బు చెల్లించి ఒక మూసిన పెట్టెను కొంటారు. తెరిచాక అందులో సామాన్యమైన వస్తువు రావచ్చు, అరుదైనది రావచ్చు. జపాన్‌లో దీనికి ‘గాచా’ అని పేరు. నాణెం వేసి మీట తిప్పితే ఏదో ఒక బొమ్మ ఉన్న గుళికను ఇచ్చే గాచాపాన్ యంత్రాల నుంచి ఆ పేరు వచ్చింది. ఫుట్‌బాల్ ఆటల పరంపర ‘ఫిఫా’లో క్రీడాకారుల కార్డుల కట్టలు, 2016లో వచ్చిన ‘ఓవర్‌వాచ్’లోని పెట్టెలు ఇదే జాతికి చెందినవి.

ఇందులోని గణితం మనిషి ఊహకు సులభంగా అందదు. ఒక అరుదైన వస్తువు వచ్చే అవకాశం 1 శాతం అనుకొందాం. నూరు పెట్టెలు కొంటే అది తప్పక వస్తుందని చాలామంది భావిస్తారు. నిజానికి నూరు పెట్టెలు కొన్నవారిలో దాదాపు 37 శాతం మందికి ఆ వస్తువు దక్కదు. దక్కే అవకాశం 90 శాతానికి చేరాలంటే 230 పెట్టెలు కొనాలి. పెట్టె 80 రూపాయలనుకొంటే అది 18,400 రూపాయలు. 80 రూపాయలుగా కనబడే వస్తువు అసలు ఖరీదు ఎంత అన్న ప్రశ్నకు ఇక్కడ ఒకే సమాధానం లేదు. ఒక్కొక్కరికి ఒక్కొక్క ధర. ఆ ధర ఎంతో చెల్లించిన తరువాతనే తెలుస్తుంది.

ఫలితం ఎప్పుడు వస్తుందో తెలియనప్పుడు ప్రాణి ఒక పనిని మరింత పట్టుదలగా చేస్తుందని బి.ఎఫ్. స్కిన్నర్ పావురాల మీద చేసిన ప్రయోగాలు చూపాయి. జూదశాలలోని స్లాట్ యంత్రం ఈ సూత్రం మీదనే నడుస్తుంది. పెట్టె తెరుచుకొనేటప్పటి వెలుగులు, శబ్దాలు, అరుదైన వస్తువు అంచుదాకా వచ్చి తప్పిపోయినట్లు చూపే దృశ్యాలు అదే ఉత్కంఠను పెంచుతాయి. డేవిడ్ జెండిల్, పాల్ కెయిర్న్స్ 2018లో ప్రచురించిన అధ్యయనం 7,422 మంది ఆటగాళ్లను పరిశీలించి, లూట్ బాక్స్‌ల మీద ఎక్కువ ఖర్చుపెట్టేవారిలో జూదవ్యసన లక్షణాలు ఎక్కువ తీవ్రంగా ఉన్నాయని తేల్చింది. ఇది సహసంబంధమే కాని కారణ నిరూపణ కాదు. లూట్ బాక్స్‌లు జూదవ్యసనానికి దారితీస్తూ ఉండవచ్చు, లేదా ఆ వ్యసనం ఉన్నవారే వాటివైపు ఆకర్షితులవుతూ ఉండవచ్చు. రెండవదే నిజమైనా, బలహీనత ఉన్నవారి నుంచే ఆదాయం ఎక్కువగా వస్తోందన్న నైతిక సమస్య మిగిలే ఉంటుంది.

5. పేరులో ఏముంది?:

వ్యాపారం తన పదజాలాన్ని జాగ్రత్తగా ఎంచుకొంటుంది. 2019 జూన్‌లో బ్రిటన్ పార్లమెంటు కమిటీ ముందు ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ ప్రతినిధి లూట్ బాక్స్‌లను ‘సర్‌ప్రైజ్ మెకానిక్స్’గా అభివర్ణించారు. ఆశ్చర్యానందాన్ని ఇచ్చే ఏర్పాటని దాని భావం. ఆ పేరులో డబ్బూ లేదు, నష్టమూ లేదు.

‘లూట్’ అన్న మాట కూడా ఆలోచింపదగినది. ఇది హిందీ నుంచి ఇంగ్లీషులోకి వెళ్లిన మాట. తెలుగులోని ‘లూటీ’ దీనికి చుట్టమే. ఓడిన శత్రువు నుంచి ఆటగాడు కొల్లగొట్టిన సొమ్మన్నది ఆటలలో దీని తొలి అర్థం. పెట్టెకు ఆ పేరు పెట్టడంతో కొల్లగొడుతున్నది ఆటగాడేనన్న భ్రమ కలుగుతుంది. సొమ్ము కదిలే దిశ మాత్రం అందుకు విరుద్ధం.

భారతంలోని ద్యూతఘట్టం ఇక్కడ ఒక పోలికకు ఉపకరిస్తుంది. ఆ సభలో జరిగింది కపటద్యూతమే. అయినా ధర్మరాజు ప్రతి పందానికి ముందు తాను ఒడ్డుతున్నదేదో పేరుపెట్టి చెబుతాడు. ధనం, రాజ్యం, తమ్ములు, తాను, చివరకు ద్రౌపది. సభ అంతా వింటుంది. కనుకనే ఆ ఒడ్డు ధర్మమా అని సభలో ప్రశ్నించడం సాధ్యమైంది. నేటి ఆటలో పణం పేరు ఎవరూ పలకరు. రూపాయి రత్నమవుతుంది, రత్నం తాళంచెవి అవుతుంది, తాళంచెవి పెట్టెను తెరుస్తుంది. పణం పేరు వినబడని చోట ప్రశ్నించే అవకాశం కూడా ఉండదు.

తెలుగు పత్రికలలో ‘లూట్ బాక్స్’ అన్న పేరునే వాడినా, తొలి ప్రస్తావనలో ‘లాటరీపెట్టె’ అని వివరిస్తే పాఠకులకు విషయం బోధపడుతుంది. లాటరీ ఏమిటో ఇంటింటా తెలుసు. అలాగే ‘వర్చువల్ కరెన్సీ’ని ‘ఆటనాణెం’ అనవచ్చు. పదం అర్థమైతేనే తల్లిదండ్రులు పిల్లలను అడగవలసిన ప్రశ్న అడగగలరు.

6. చట్టాల దృష్టి – బహుమతా, పణమా?:

ఈ సమస్యను వివిధ దేశాలు వేర్వేరు వైపుల నుంచి చూశాయి. జపాన్ వినియోగదారుల వ్యవహారాల సంస్థ 2012 మేలో ‘కొంప్లీట్ గాచా’ను చట్టవిరుద్ధమని ప్రకటించింది. పెట్టెలలో యాదృచ్ఛికంగా వచ్చే వస్తువులన్నింటినీ ఒక సమితిగా సేకరిస్తేనే అరుదైన బహుమతి ఇచ్చే పద్ధతి అది. చైనా 2017 మే నుంచి వస్తువులు వచ్చే అవకాశాల శాతాలను వెల్లడించాలని నిబంధన పెట్టింది.

2017 నవంబరులో ‘స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్ 2’ విడుదల సందర్భంగా ఈ చర్చ ప్రపంచవ్యాప్తమైంది. పూర్తి వెల చెల్లించి కొన్న ఆటలో ప్రధాన పాత్రలను పొందడానికి ఎంతోసేపు శ్రమించాలి, పెట్టెలు కొన్నవారికి మాత్రం ఆటలో బలం పెరుగుతుంది. ఆటగాళ్ల ఆగ్రహానికి తలొగ్గి ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ విడుదలకు ముందురోజే లోపలి కొనుగోళ్లను నిలిపివేసింది.

2018 ఏప్రిల్‌లో బెల్జియం, నెదర్లాండ్స్ ఇంచుమించు ఒకేసారి తమ నిర్ణయాలను ప్రకటించాయి. ఆట, ఒడ్డు, లాభనష్టాలు, యాదృచ్ఛికత అన్న నాలుగు లక్షణాలు ఉంటే చాలు, అది జూదమేనని బెల్జియం గేమింగ్ కమిషన్ తేల్చింది. నెదర్లాండ్స్ మాత్రం వచ్చిన వస్తువును బయట అమ్ముకోగలిగితేనే జూదమన్నది. ఆ ప్రాతిపదికపై ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థకు విధించిన కోటి యూరోల జరిమానాను 2022 మార్చిలో అక్కడి అత్యున్నత పాలనా న్యాయస్థానం కొట్టివేసింది. బ్రిటన్ 2005 నాటి చట్టం బహుమతికి డబ్బు విలువ ఉండాలంటుంది. ఆ చట్టాన్ని లూట్ బాక్స్‌లకు విస్తరింపజేయబోమని 2022 జూలైలో ప్రభుత్వం ప్రకటించి, పరిశ్రమ స్వీయ నియంత్రణకు అవకాశమిచ్చింది.

భేదం స్పష్టమే. బెల్జియం ఒడ్డును చూసింది, నెదర్లాండ్స్, బ్రిటన్ బహుమతి మారకపు విలువను చూశాయి. రెండవ ప్రమాణంతో ఒక విచిత్రస్థితి ఏర్పడుతుంది. ఎంత పోగొట్టుకొన్నా, గెలిచినదానికి బజారులో విలువ లేకపోతే అది జూదం కాదు. అంటే ఆటగాడికి పూర్తిగా నష్టం కలిగించే ఏర్పాటు, కొంతైనా తిరిగి ఇచ్చే ఏర్పాటు కంటె చట్టం దృష్టిలో సురక్షితమవుతుంది. ఓడితే డబ్బు పోయి, గెలిచినా డబ్బు రాని ఆటను జూదం కంటె మేలైనదనడం ఎంతవరకు సమంజసం?

జూదచట్టంతో సంబంధం లేకుండా బాలల రక్షణ కోణం నుంచి వచ్చిన చర్యలు మరికొన్ని ఉన్నాయి. ఆస్ట్రేలియా 2024 సెప్టెంబరు నుంచి, డబ్బుతో కొనే యాదృచ్ఛిక వస్తువులున్న కొత్త ఆటలను కనీసం 15 ఏళ్లు దాటినవారికి తగినవిగా వర్గీకరించడం మొదలుపెట్టింది. ‘గెన్షిన్ ఇంపాక్ట్’ ప్రచురణకర్తతో 2025 జనవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కుదుర్చుకొన్న ఒప్పందంలో 2 కోట్ల డాలర్ల చెల్లింపుతోపాటు, తల్లిదండ్రుల అనుమతి లేనిదే 16 ఏళ్లలోపు వారికి లూట్ బాక్స్‌లు అమ్మరాదన్న షరతు ఉంది.

7. భారతదేశం, తెలుగు రాష్ట్రాలు:

మన దేశంలో ఆటకూ జూదానికీ మధ్య హద్దును న్యాయస్థానాలు చాలాకాలం నైపుణ్యం, అదృష్టం అన్న భేదంతో గీశాయి. ఇందుకు ఆధారమైన తీర్పులలో ఒకటి తెలుగునేల మీది కేసులోనే వచ్చింది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బుకు సంబంధించి, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రానికీ కె. సత్యనారాయణకూ మధ్య నడిచిన ఆ కేసులో, రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అని సుప్రీంకోర్టు 1968 ప్రాంతంలో అభిప్రాయపడింది. ఆన్‌లైన్ రమ్మీ విస్తరించాక తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ 1974 నాటి గేమింగ్ చట్టాలను సవరించి, పందెం కట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి.

2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ ప్రోత్సాహ, నియంత్రణ చట్టం నైపుణ్యమా, అదృష్టమా అన్న భేదాన్నే తొలగించింది. ఒడ్డు అన్న మాటకు డబ్బుతోపాటు, డబ్బు పెట్టి కొన్న నాణేలు, టోకెన్ల వంటి వాటిని కూడా చేర్చింది. అయితే ఒడ్డినదానికి బదులుగా డబ్బో మరొక లబ్ధో గెలుస్తామన్న ఆశతో ఆడేదే ‘ఆన్‌లైన్ మనీ గేమ్’. లూట్ బాక్స్ పేరు చట్టంలో లేదు. పెట్టెలో వచ్చే దుస్తు, ఆయుధం ‘లబ్ధి’ అవుతాయా అన్నది వ్యాఖ్యానానికి వదిలిన ప్రశ్న.

ఈ సందిగ్ధం తీరేవరకు ఉపయోగపడే సాధనాలు రెండున్నాయి. వినియోగదారుల రక్షణ చట్టం కింద 2023 నవంబరులో వెలువడిన మార్గదర్శకాలు 13 రకాల మోసపూరిత తెర అమరికలను నిషేధించాయి. లేని తొందరను కల్పించడం, ఒత్తిడిచేసి ఒప్పించడం, మీటల అమరికతో తప్పుదారి పట్టించడం వాటిలో ఉన్నాయి. మూడవ విభాగంలో చెప్పిన పద్ధతులలో పలు అంశాలు వీటి పరిధిలోకి వస్తాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారి ప్రవర్తనను వెంబడించి గమనించడాన్ని, వారిని లక్ష్యంగా చేసుకొన్న ప్రకటనలను నిరోధిస్తుంది. ఎవరు ఎప్పుడు కొంటారో పసిగట్టి ఎరవేసే వ్యాపారానికి ఇది సూటిగా వర్తించే నియమం.

తెలుగు కుటుంబాలలో ఈ సమస్యకు ఒక ప్రత్యేక రూపం ఉంది. చాలా ఇళ్లలో పిల్లలకు వేరే ఫోను ఉండదు. అమ్మ ఫోనో నాన్న ఫోనో వారి ఆటస్థలం. అదే ఫోనులో బ్యాంకు ఖాతా, యూపీఐ చెల్లింపులు ఉంటాయి. పిల్లవాడి ఆటకూ ఇంటి ఖర్చు డబ్బుకూ మధ్య అడ్డుగా ఉండేది ఒక రహస్య సంఖ్య మాత్రమే. ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకూ ధ్రువీకరణ అడిగే ఏర్పాటు ఉంది. దాన్ని అమర్చుకొని, ఆ సంఖ్యను పిల్లలకు చెప్పకుండా ఉండటం నేడే చేయగల పని.

8. పరిశ్రమ వాదం:

ఈ వ్యాపార పద్ధతికి సమర్థన లేకపోలేదు. పెద్ద ఆటల నిర్మాణవ్యయం ఎంతగానో పెరిగింది. వేల రూపాయలు పెట్టి ఆట కొనలేని విద్యార్థి చవక ఫోనులో మంచి ఆటను ఉచితంగా ఆడగలుగుతున్నాడంటే, డబ్బు చెల్లించే కొద్దిమంది వల్లనే. రూపాన్ని మాత్రమే మార్చే అలంకారాలు అమ్మితే పోటీలో ఎవరికీ అన్యాయం జరగదు.

ఈ వాదంలో సత్యముంది. కాని అది సమర్థించేది అమ్మకాన్ని, మరుగుపరచడాన్ని కాదు. అలంకారాన్ని రూపాయలలో ధర చెప్పి అమ్మినా నిర్మాతకు ఆదాయం వస్తుంది. ఆటలో లోపలి కొనుగోళ్లు లేకుండానే 2023లో వచ్చిన ‘బాల్డర్స్ గేట్ 3’ వాణిజ్యపరంగానూ విమర్శకుల దృష్టిలోనూ గొప్ప విజయం సాధించింది. ప్రతి ఆటకూ అది సాధ్యం కాకపోవచ్చు. వేరే దారి లేదన్న మాట మాత్రం దానితో వీగిపోతుంది.

9. ముగింపు:

· వీడియో గేమ్ వస్తువు నుంచి సేవగా మారిన క్రమంలో ధర మొదట చీలింది, తరువాత మరుగున పడింది, చివరకు యాదృచ్ఛికమైంది. ఈ మూడవ దశలో వెల పణంగా మారింది.

· గెలిచినదానికి మారకపు విలువ ఉందా అన్న ప్రమాణం ఆటగాడి నష్టాన్ని లెక్కలోకి తీసుకోదు. ఏమి వస్తుందో తెలియకుండా డబ్బు ఒడ్డుతున్నాడా అన్న ప్రమాణం తీసుకొంటుంది. ‘డబ్బులు పెట్టి ఆడటం’ అన్న వాడుకలో తెలుగువారు పాటిస్తూ వచ్చినది ఈ ప్రమాణాన్నే.

· ప్రతి వస్తువు ధరను రూపాయలలో చూపడం, అవకాశాల శాతాలను కొనే చోటనే తెలుగుతో సహా వినియోగదారుల భాషలలో తెలపడం, మైనర్లకు యాదృచ్ఛిక వస్తువుల అమ్మకాన్ని నిరోధించడం కనీస చర్యలు కావాలి.

· పదజాలం కూడా రక్షణసాధనమే. పెట్టెను లాటరీపెట్టె అనీ, రత్నాన్ని ఆటనాణెమనీ పిలిచిననాడు, పేకముక్కలు కలుపుతున్నవారిని పెద్దలు అడిగే ప్రశ్నను ఫోను పట్టుకొన్న పిల్లవాడినీ అడగవచ్చు. ఆ ప్రశ్నకు పిల్లవాడే సమాధానం చెప్పగలగడం ఏ నియంత్రణకైనా అసలు పరీక్ష.